రెండు ముళ్ళ తాడు

ఆ పేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "ఇంకొక్కటి మామ" అంటే పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ తెలుసు. ముప్పై రెండేళ్ళు పైపుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ పని ఇచ్చినా చక్కగా చేస్తాడు, అందులో అనుమానం లేదు. ఎప్పుడిస్తావయ్యా అని అడిగితే మాత్రం "అయిపోయింది, ఇంకొక్కటి మిగిలింది" అంటాడు. ఆ ఒక్కటీ అయ్యేలోపు దాని పక్కన మరొకటి పుడుతుంది. పక్కింటావిడ కుక్కరు పిడి బిగించమని ఇచ్చి, ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చి కొత్త కుక్కరు కొనుక్కుంది. తర్వాత నెలకి పాతది తళతళలాడుతూ వచ్చింది, కొత్త పిడి, కొత్త వాషరు, అడుగున రాగిరేకుతో సహా. రాగిరేకు ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అదీ ఆయన వరస.

మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి వదిలేయొచ్చు, ఇంత కథ చెప్పక్కర్లేదు.

ఆయన భార్యది కుట్టుపని. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి జాకెట్టు. ఆవిడకి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే పెంచింది అక్క. తల దువ్వింది, అక్షరాలు దిద్దించింది, పెళ్ళి చేసింది, తను మాత్రం పెళ్ళి మాటే ఎత్తలేదు. కొండ మీది పల్లెలో టీచరుగా చేరి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మోకాళ్ళు రెండూ పూర్తిగా అరిగిపోయాయి. మంచం నుంచి గుమ్మం దాకా రావడానికే కర్ర కావాలి, గోడ కావాలి, ఓపిక కావాలి.

"అక్కని కిందకి తెచ్చేసుకుందామండీ. నా దగ్గరే ఉంటుంది, నేను చూసుకుంటాను," అంది భార్య ఒకరోజు.

"అంతకంటేనా! రేపే తెద్దాం," అన్నాడాయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

తేవడమే కష్టం. కొండదారి సగంలో రెండు పెద్ద బండలున్నాయి. వాటి మధ్య నుంచే దారి. వాటిని పగలగొడితే పై చరియ మొత్తం దిగుతుందని ఎవరూ ముట్టుకోరు. కార్లు పట్టవు, ఆటోలు ఆ ఎత్తు ఎక్కవు. మంచం మీద మోయిద్దామంటే అక్క ఒప్పుకోలేదు. "నలుగురి భుజాల మీద ఒకసారే వెళ్తాను, అదీ చచ్చాకే. ఇప్పుడు కాదు," అని ఫోనులో గట్టిగా చెప్పేసింది. ఆ బండల మధ్య పట్టేది పాలవాడి బుల్లి జీపు ఒక్కటే. నలభై ఏళ్ళ నాటిది, రేకు ఎగుడుదిగుడులు, సగం రంగు లేదు. అయినా రోజూ పైకెళ్ళి పాలక్యాన్లు దింపుకొస్తుంది.

పాలవాడు మంచివాడు. "అత్తా, క్యాన్లు ఒక పక్కకి జరిపి పరుపేస్తాను. పెద్దమ్మని పువ్వులా దింపుతాను," అన్నాడు.

ఆవిడ సరే అనబోయింది. మామ ఒప్పుకోలేదు. "మా వదిన పాలక్యాన్ల మధ్య కూర్చుని వస్తుందా? నా చేతులేమైనా పడిపోయాయా? నేనే బండి కడతాను," అన్నాడు. రోషం కదా, ఫిట్టరు రోషం.

అన్నమాట ప్రకారం మొదలు పెట్టాడు కూడా. ప్రభుత్వ పాత సామాన్ల యార్డులో పాలవాడి దానిలాంటిదే మరో బుల్లి జీపు వేలానికి వచ్చిందని విన్నాడు. దాన్ని చూడ్డానికి వెళ్ళకముందే కొండెక్కాడు. ఫ్యాక్టరీలో పెద్ద పైపులు కొలవడానికి ఆయనకో పద్ధతి ఉండేది. టేపు వాడేవాడు కాదు. తాడు పట్టుకుని, కొలత ఎక్కడికి వస్తే అక్కడ ముడి వేసేవాడు. "అంకె అయితే మర్చిపోతాం, తప్పు రాస్తాం. ముడి ఎక్కడికి పోతుంది?" అనేవాడు. బండల సందుకి అడ్డంగా తాడు లాగి, ఈ చివర ఒక ముడి, ఆ చివర ఒక ముడి వేశాడు. ఆ తాడు తీసుకెళ్ళి యార్డులో జీపు మీద పరిచాడు. చక్రాలకి అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు మిగిలింది. చాలు! జీపు ఇంటికొచ్చింది, తాడు షెడ్డు గుమ్మం పక్కన మేకుకి ఎక్కింది.

ఇంజను విప్పి, కడిగి, అరిగినవి మార్చి, తిరిగి బిగించేసరికి నాలుగు నెలలు పట్టింది. అంత ముసలి ఇంజనుకి నాలుగు నెలలంటే త్వరగా అయినట్టే, నేను కాదనను. మొదటిసారి స్టార్టు చేసినరోజు భార్య మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది. ఆ సాయంత్రమే ఆయన కొండెక్కి, బండల మధ్య నుంచి అవతలికి వెళ్ళి, మళ్ళీ ఇవతలికి వచ్చాడు. వెన్నలో కత్తి దిగినట్టు వెళ్ళింది. ఇంకో అరగంట ముందుకెళ్తే వదిన ఇల్లే. కానీ దిగుడులో బ్రేకు కొంచెం జారుతోంది. ముసలావిడని కూర్చోబెట్టుకుని ఆ బ్రేకుతో దిగడం మంచిది కాదని వెనక్కి వచ్చేశాడు. అదీ సబబే.

బ్రేకులు సరిచేశాడు. "ఇప్పుడు వెళ్దామా?" అంది భార్య.

"ఇంకొక్కటి మిగిలింది. కుదుపు. మీ అక్క మోకాళ్ళతో ఆ గతుకుల్లో కూర్చోగలదా చెప్పు?"

నిజమే కదా అనుకుంది. వెనక సీటుకి తనే మెత్తటి పరుపు కుట్టింది. పైకప్పుకి కాన్వాసు కుట్టింది, కాన్వాసు దళసరికి మూడు సూదులు విరిగాయి. కిటికీలకి చుట్టి కట్టే తెరలు పెట్టింది. ఇంట్లో వెనకగది ఖాళీ చేసి, మంచం వేసి, దుప్పటి పరిచింది. ఎవరూ పడుకోని ఆ దుప్పటిని ప్రతి ఆదివారం ఉతికి మళ్ళీ పరిచేది.

కుదుపు తగ్గాలని ఆయన బండి కింద స్ప్రింగుల్లా పనిచేసే కమానుకట్టలు మార్చాడు. దాంతో బండి జానెడు పైకి లేచింది. లేచిన బండికి చిన్న టైర్లు వెలితిగా కనిపించాయి. సరిగ్గా అప్పుడే దాపురించాడు టోపీ ఆయన. ఆదివారాలు పాత జీపులేసుకుని గుట్టలెక్కే సరదాబృందం ఒకటుంది, ఈ టోపీ ఆయన దానికి పెద్ద. దారిన పోతూ షెడ్డులో బండి చూసి ఆగిపోయాడు. చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, పడుకుని చూశాడు.

"ఎవరు చేశారు సార్ ఈ పని?" అన్నాడు.

ముప్పై రెండేళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసినా ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన బిగించిన పైపులన్నీ భూమిలోకి పోయాయి, పైన మట్టి కప్పేశారు. ఈ ఒక్క మాటకి మనిషి కరిగి నీరైపోయాడు. దానికి ఆయన్ని తప్పు పట్టాలంటే నాకే మనసొప్పదు. తప్పు పట్టాల్సింది తర్వాతి సంగతికి.

తర్వాత ప్రతి ఆదివారం టోపీ ఆయన, వెనకాల నలుగురు. "సార్, దీనికి పెద్ద టైర్లు వేస్తే చూడాలి!" వేశాడు. పెద్ద టైర్లు తిప్పినప్పుడల్లా కమానుకట్టలకి రాసుకున్నాయి. రాసుకోకుండా చక్రాన్ని బయటికి జరిపే వెడల్పు రిమ్ములు తెప్పించాడు. చక్రాలు మడ్డుగార్డు దాటి బయటికొచ్చాయి, బురద ఎగిరి తలుపుల మీద పడుతోంది. మడ్డుగార్డులకి ఇనపరేకుతో వెడల్పాటి అంచులు కట్టాడు, లోపల ఇనపకమ్మీ పెట్టి మరీ. పాత చక్రాలు నాలుగూ షెడ్డులో అడ్డంగా ఉన్నాయని పాలవాడికి ఇచ్చేశాడు. వాడు మహా సంతోషంగా తన జీపుకి బిగించుకున్నాడు.

ఆ తర్వాత ముందు బంపరుకి విన్చి వచ్చింది. బురదలో దిగబడితే ఎదురుగా ఉన్న చెట్టుకి ఇనపతాడు కట్టి బండిని ముందుకు లాక్కునే యంత్రం అది. కొండదారిలో బురదెక్కడిది? ఉన్నదంతా రాయే. అయినా వచ్చింది. పైన సామాను చట్రం వచ్చింది. పక్కన పెట్రోలు డబ్బాలు, వెనక పార, గొడ్డలి, ఎత్తు జాకీ వచ్చాయి. నీళ్ళలో మునిగినా ఇంజనుకి గాలి అందేలా పైకప్పు దాకా గొట్టం వచ్చింది. ముసలావిడని కొండ దింపడానికి ఏట్లో ఈదాలా? భార్య అదే అడిగింది.

"నీకు తెలీదులే, బండి అన్నాక అన్నీ ఉండాలి," అన్నాడు.

"అది మొదట్లోనే వెళ్ళింది కదండీ. మీరే చెప్పారు, వెన్నలో కత్తిలా వెళ్ళిందని."

"వెళ్ళింది. ఇప్పుడు రాజాలా వెళ్తుంది. ఇంకొక్కటే మిగిలింది."

ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన చెవికెక్కలేదు. ఏడాది దాటింది. రెండేళ్ళు దాటింది. అక్క మాత్రం వారం వారం ఫోనులో నవ్వేది. "ఏమయ్యా మరిదీ, నా బండికి రెక్కలు కూడా మొలిపిస్తున్నావా?"

"అయిపోయింది వదినా, ఇంకొక్కటి మిగిలింది."

"నాకూ ఒక్కటే మిగిలిందయ్యా, ప్రాణం. అది ఉండగా రా."

ఆయన పగలబడి నవ్వాడు. పక్కన భార్య నవ్వలేదు. ఆ వారమే రెండు పెద్ద హారన్లు బిగించాడు. బిగించి వదినకి ఫోను చేశాడు. "వదినా, కొండ కింద హారన్ కొడితే పైన నీకు వినపడుతుంది. వినపడగానే చెప్పులేసుకుని కూర్చో. ఇంక నేను వచ్చేసినట్టే." ఆవిడ చిన్నపిల్లలా సంబరపడి సరేనంది.

పట్టణంలో పాత బండ్ల ప్రదర్శన పెడితే ఈ బండికి మొదటి బహుమతి వచ్చింది. చెక్కబిళ్ళ మీద ఇత్తడి అక్షరాలు, అందులో ఆయన పేరు. పేటలో ఎవరూ పిలవని పేరు ఇత్తడిలో కనపడేసరికి మురిసిపోయాడు పాపం. షెడ్డు గుమ్మం పక్కన మేకు కనిపించింది, బహుమతి దానికి తగిలించాడు. వెనక ఏముందో చూడలేదు. అక్కడ తాడుంది, రెండు ముళ్ళతో.

కొత్త రిమ్ములు వేసినరోజు గానీ, అంచులు కట్టినరోజు గానీ ఆ తాడు తీసి ఒక్కసారి, ఒకే ఒక్కసారి బండి మీద పరిచి ఉంటే! ఫ్యాక్టరీలో పైపు చివర చిన్న రబ్బరు చుట్టు మార్చినా మళ్ళీ కొలిచే మనిషి. పొగిడేవాళ్ళు చుట్టూ నిలబడితే కొలవడం కూడా మర్చిపోతారు కాబోలు.

బహుమతి వచ్చిన మూడో వారం, పొద్దున్నే పైనుంచి ఫోను వచ్చింది. అక్క పక్కింటి కోడలు. "అమ్మా, టీచరమ్మకి రెండు రోజుల్నుంచి ఆయాసం. రాత్రి కూర్చునే ఉంది, పడుకోలేకపోయింది. వెంటనే ఆసుపత్రికి దింపమంటున్నారు." భార్య చేతిలోంచి కత్తెర జారిపోయింది. సరిగ్గా అప్పుడే పాలవాడు వీధిలో ఖాళీ క్యాన్లు ఎక్కిస్తున్నాడు. సంగతి విని గబగబా వచ్చాడు. "అత్తా, ఎక్కండి, పోదాం."

"నువ్వు ఆగరా. మన బండి సిద్ధంగా ఉంది. దీనికోసమే కదా కట్టింది," అన్నాడు మామ. చెప్పొద్దూ, అంత కంగారులోనూ ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది. భార్య ఒక్క క్షణం పాలవాడి బండి వైపు చూసింది. తర్వాత పైకి లేచిన ఆ బండి మెట్టు మీద కాలు పెట్టి, పైకప్పు చట్రం పట్టుకుని, అతి కష్టం మీద ఎక్కింది.

కొండ కింద ఆయన హారన్ కొట్టాడు. రెండు హారన్లూ ఒక్కసారిగా మోగాయి, లోయంతా ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. "విన్నదంటావా?" అంది ఆవిడ. "వినకేం, చెప్పులేసుకుంటూ ఉంటుంది," అన్నాడు.

బండి నిజంగానే రాజాలా ఎక్కింది. రాయి మీద రాయి ఎక్కినా కుదుపు తెలియలేదు. మలుపు తిరిగారు. ఎదురుగా రెండు బండలు.

ఫిట్టరు కన్ను కదా. ఇరవై అడుగుల దూరంలోనే ఆయనకి తెలిసిపోయింది. కానీ తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. టైరు రబ్బరే కదా, నొక్కుకుని పోతుందనుకున్నాడు. చిన్న గేరు వేశాడు.

"పడుతుందా అండీ?" అంది భార్య.

"పడుతుంది," అని యాక్సిలరేటరు తొక్కాడు.

ముందు చక్రాలు రబ్బరు నొక్కుకుని దూరాయి. తర్వాత మడ్డుగార్డు అంచులు రెండు వైపులా బండని కరిచాయి. లోపలి ఇనపకమ్మీ వంగి రాతి పగుల్లో దిగింది. ఇంకా తొక్కాడు. ఇంకా బిగిసింది. వెనక్కి వేశాడు. రిమ్ము అంచు రాతికి తట్టుకుని కదల్లేదు. ఎవరో చేత్తో బిగించినట్టు బిగిసిపోయింది. ఎవరో కాదు, ఆయనే బిగించాడు.

విన్చి ఉంది కదా! ఉంది, ముందు బంపరుకి. అది ముందుకే లాగుతుంది, సందులోకి ఇంకా లోపలికి. జాకీ ఉంది, బండిని పైకెత్తుతుంది. బండ పైకి పోయేకొద్దీ సందు ఇరుకు. పార ఉంది, గొడ్డలి ఉంది, రెండు డబ్బాల పెట్రోలు ఉంది. లేనివి ఒకప్పటి ఆ నాలుగు చక్రాలు. అవి కూడా వచ్చాయి. పాలవాడి జీపు మలుపు తిరిగి వెనకాల ఆగింది, అదే చక్రాల మీద. దాని ముందు దారికి అడ్డంగా ఈయన బండి.

పాలవాడు దిగి చూశాడు. వాడు ఒక్క మాట అన్నా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు మామ.

భార్య దిగాలంటే తలుపు తెరుచుకోదు, రెండు వైపులా రాయి. తను మూడు సూదులు విరగ్గొట్టుకుని కుట్టిన కాన్వాసుని తనే కత్తెరతో కోసింది, సంచీలో ఎప్పుడూ ఉండే కత్తెర. ఆ కోతలోంచి బానెట్టు మీదకి, బానెట్టు మీంచి అవతల నేల మీదకి దిగింది. పాలవాడు బండ మీదికెక్కి అటు దూకాడు. ఆవిడ సంచీ అందుకున్నాడు.

"ఏమోయ్, ఒక్క పావుగంట ఆగు. అంచులు కోసేస్తాను," అన్నాడు మామ.

ఆవిడ వెనక్కి తిరగలేదు. జీపులో అరగంట, ఆవిడ నడకకి రెండు గంటలు. కొంతసేపు చెప్పుల చప్పుడు వినపడింది. తర్వాత అదీ లేదు. ఆయన కూడా ఆ కోతలోంచే బయటపడి, సుత్తీ ఉలీ తీసి అంచులు కొట్టడం మొదలు పెట్టాడు. తను కట్టిన పని కదా, ఎంత కొట్టినా ఊడదు. అంత గట్టిగా కట్టాడు.

మధ్యాహ్నానికి బండి వెనక్కి వచ్చింది, రెండు పక్కలా చీలికలతో. దాన్ని పక్కకి తోసి కూర్చున్నాడు. ఎండ దిగుతుండగా పాలవాడు ఒక్కడే నడిచి వచ్చాడు. వాడి ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మ హారన్ విన్నదంట మామా," అన్నాడు పాలవాడు. "'వచ్చేశాడు మా మరిది, నా చెప్పులు ఇటు పెట్టు' అన్నదంట. చీర మార్చుకుని, చెప్పులేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నదంట. ఏదీ బండి, ఏదీ బండి అని అడుగుతూనే ఉన్నదంట గంటసేపు. మేం వెళ్ళేసరికి అలాగే కూర్చుని ఉంది."

ఆయన పెద్దగా, మగాడినన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

అంతా అయ్యాక, మూడో రోజున భార్య దిగి వచ్చింది, పాలవాడి జీపులో, క్యాన్ల పక్కన, అక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని. పైకి వెళ్ళే ముఖం లేక బండల దగ్గరే ఆయన నిలబడి చూశాడు. ఆ డొక్కు బండి ఆయన పాత చక్రాల మీద, అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు వదిలి, ఆగకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

ఇంటికొచ్చి బహుమతి కిందకి దించాడు. తాడు దుమ్ము కొట్టుకుని ఉంది. బండి మీద పరిచాడు. ముళ్ళు దాటి బండి అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు ఎక్కువ. అప్పుడు కొలిచాడు మహానుభావుడు.

మర్నాటి నుంచి విప్పడం మొదలు పెట్టాడు. టోపీ ఆయన వచ్చి "అయ్యో సార్, ఏంటి సార్ ఇది!" అని మొత్తుకున్నా పని ఆపలేదు. విన్చి, గొట్టం, చట్రం, డబ్బాలు, రిమ్ములు, అంచులు, హారన్లు అన్నీ తీసేశాడు. పాత కమానుకట్టలు వేశాడు, పాలవాడిని బతిమాలి చక్రాలు వెనక్కి తెచ్చుకున్నాడు. రెండున్నరేళ్ళ పనికి పదకొండు రోజులు చాలాయి. ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా "ఇంకొక్కటి" అనలేదు. పన్నెండో రోజు పొద్దున బండిని ఇంటి ముందుకి తెచ్చి ఆపాడు, కొన్ననాడు ఎలా ఉందో అలాగే. తాడు చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. భార్య మిషను కుడుతోంది.

"అయిపోయింది," అన్నాడు. "కొలిచాను. ఇప్పుడు పడుతుంది."

ఆవిడ మిషను ఆపింది. ఆ రోజు తర్వాత మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"ఎవర్ని తేవడానికండీ?" అంది.

ఆవిడ దారం తెగిందేమో చూసుకుని, మళ్ళీ మిషను తొక్కడం మొదలు పెట్టింది.